రోజుకు 300 మంది దగ్గరే ఆగిపోయాం. డబ్బు లేకుండా చదువరులను పెంచుకునే దారి ఉందా?

రైవస్ కాలువగట్టు
మార్చి 9, 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. విజయవాడ గురించి ఒక చిన్న వెబ్ పత్రిక నడుపుతున్నాను. మూడు కాలువలు, పాత వీధుల పేర్లు, వన్‌టౌన్ మార్కెట్లు, కుళాయి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి, ఏ కొండ మీద ఇళ్ళు ఎప్పుడు లేచాయి, ఇలాంటివి రాస్తాను. ఏడాదిన్నరలో 140 వ్యాసాలయ్యాయి. పగలు కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రెండు గంటలు దీనికి. ఫొటోలు నా స్నేహితురాలు తీస్తుంది, డబ్బు అడగదు. నెలకు రెండు వేలకు మించి పెట్టే స్తోమత లేదు.

రోజుకు 300 మంది చదువుతున్నారు. ఏడాదిగా ఆ అంకె మేకు కొట్టినట్టు అక్కడే ఉంది.

ఒక్కసారి మాత్రం కదిలింది. బుడమేరు వాగు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరు దాకా ఎలా పోతుంది, వెలగలేరు దగ్గర దాన్ని కృష్ణలోకి ఎందుకు మళ్ళించారు అని నిరుడు మే నెలలో ఒక వ్యాసం రాశాను. అప్పుడు 90 మంది చదివారు. సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి మా ఊళ్ళో సింగ్‌నగర్ మునిగింది. మూడు రోజుల్లో ఆ వ్యాసాన్ని 41 వేల మంది చూశారు. ఊరు మునిగినప్పుడు నా అంకె పెరిగిందని సంతోషించడానికి మనసు రాలేదు. నెలాఖరుకు మళ్ళీ 300.

ఆ తరువాత ఒక సంస్థకు ఎనిమిది వేలు కట్టాను. ఫేస్‌బుక్ పేజీకి ఆరు వేల మందిని చేర్చి పెట్టారు. అందులో తెలుగు చదవగలిగినవారు ఒక్కరైనా ఉన్నట్టు లేరు. అప్పటి నుంచి నేను పెట్టింది నా పాత చదువరులకు కూడా కనిపించడం మానేసింది.

ఇప్పుడేం చేయాలి? వీడియోలా? వాట్సాప్ గ్రూపా? లేక ఇలాంటి విషయానికి ఇంతే గిరాకీ అనుకుని ఊరుకోవాలా?


వేగవార్త
మార్చి 9, 2025, రాత్రి 11:15

అక్కా, సూటిగా చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. వారానికి రెండు వ్యాసాలతో ఏమీ కాదు. నేను రోజుకు 12 వార్తలు పెడతాను. సినిమా, ఉద్యోగ ప్రకటనలు, పరీక్ష ఫలితాలు. జనం వెతికేది అవే. మీ కాలువల మధ్య రోజుకు నాలుగు సినిమా కబుర్లు పెట్టి చూడండి, నెలలో మూడు వేలు దాటుతారు.

ఇంకొకటి. మీ శీర్షికలు చూశాను. 'బుడమేరు: ఒక పరిశీలన'. ఇది పరీక్ష పేపరులో ప్రశ్నలా ఉంది. వరదలో ఉన్న మనిషి దేనికోసం వెతుకుతాడు? 'బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్‌లోకి ఎటు నుంచి వస్తాయి?' వ్యాసంలో ఆ జవాబు ఉంది, ఆరో పేరాలో. దాన్ని పైకి తెచ్చి శీర్షిక చేయడానికి మీకు అభ్యంతరం ఏమిటి?


పాత కంపోజిటరు
మార్చి 10, 2025, ఉదయం 6:05

శీర్షిక విషయంలో అబ్బాయి చెప్పింది నిజం. సినిమా కబుర్ల విషయంలో కాదు. కాలువల కోసం వచ్చినవాడికి కథానాయకుడి కొత్త కారు చూపిస్తే, మళ్ళీ కాలువ కావాల్సి వచ్చినప్పుడు కూడా మన గుమ్మం తొక్కడు.

నేను గవర్నర్‌పేటలో 30 ఏళ్ళు అక్షరాలు కూర్చినవాడిని. మొదట సీసం, తరువాత కంప్యూటరు. అమ్మా, మీ 'పేటల పేర్లు' వ్యాసం తెరవగానే ఆ అక్షరాన్ని గుర్తుపట్టాను. అది అనూ ఫాంటు. ఎవరి చేతనో డీటీపీ చేయించి, ఆ పేజీని బొమ్మగా తీసి పెట్టారు, అవునా? చూసేవాడికి అది తెలుగే. వెతికే యంత్రానికి మాత్రం అది ఒక ఫొటో. ఒక్క అక్షరం కూడా దానికి కనిపించదు. సరే, బొమ్మ కాకుండా అనూలో కొట్టినదాన్నే తీసుకొచ్చి అతికించినా లాభం లేదు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం వెనక ఉండేది ఇంగ్లిషు అక్షరం సంకేతమే. ఫాంటు లేని చోట అది పిచ్చి గీతల్లా బయటపడుతుంది. యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరానికి సొంత సంకేతం ఉండే పద్ధతిలోకి, మారిస్తేనే అది తెలుగు అని యంత్రానికి తెలుస్తుంది.

మన కృష్ణా, గుంటూరు ప్రెస్సుల్లో పాతికేళ్ళ సావనీర్లు, పత్రికలు, పుస్తకాలు ఇలా అనూలోనే చిక్కుకుపోయి ఉన్నాయి. మీరు ఒక్కరే కాదు.

ఇలాంటివి ఎన్ని ఉన్నాయి?


రైవస్ కాలువగట్టు
మార్చి 10, 2025, మధ్యాహ్నం 1:30

లెక్కపెట్టాను మాస్టారూ. 31. మొదట్లో నాకు టైపు చేయడం రాదు. మా వీధి చివర డీటీపీ షాపు అబ్బాయి చేసి ఇచ్చేవాడు. నాకు బాగా నచ్చినవి అన్నీ ఆ 31లోనే ఉన్నాయి.


అరసున్న
మార్చి 10, 2025, రాత్రి 9:20

నిన్న పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు కోసం కూర్చుని మీ సైటును మా అమ్మ ఫోనులో తెరిచాను. నా ఫోనులో కాదు, కావాలనే ఆమె ఫోనులో. నాలుగేళ్ళ నాటిది, మెమరీ ఎప్పుడూ నిండి ఉంటుంది. 'ప్రకాశం బ్యారేజీ కింద ఆనకట్ట' వ్యాసం తెరుచుకోవడానికి 19 సెకన్లు పట్టింది. ఈలోపు పక్కనున్న పెద్దాయన 'సిగ్నల్ లేదా బాబూ' అని జాలిపడ్డాడు. కారణం సిగ్నల్ కాదు. మొదటి ఫొటో 6 ఎంబీ. కెమెరా నుంచి తీసినది తీసినట్టు పెట్టారు. ఫోను తెర మీద దానికి 150 కేబీ చాలు, కంటికి తేడా తెలియదు. అన్ని ఫొటోలనూ ఒక్కసారిగా తగ్గించే ఉచిత పనిముట్లు ఉన్నాయి, ఒక ఆదివారం పని.

రెండోది, లింకు. మీ వ్యాసాల చిరునామాలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ వాట్సాప్‌లో పంపినప్పుడు ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులూ అంకెలూ కలిసి తొమ్మిది అక్షరాలుగా విచ్చుకుంటుంది. 'బుడమేరు' అనే ఒక్క మాట 63 అక్షరాలవుతుంది. మొత్తం లింకు ఫోను తెరలో సగం ఆక్రమిస్తుంది. అలాంటిది కనిపిస్తే మా అమ్మ దాన్ని ముట్టుకోదు, 'ఇది దొంగ లింకు' అంటుంది. చిరునామా వరకు ఇంగ్లిషు అక్షరాల్లో చిన్నగా పెట్టండి. శీర్షిక, వ్యాసం తెలుగులోనే ఉండనివ్వండి. పాత లింకులు చచ్చిపోకుండా కొత్తవాటికి మళ్ళించడం మరచిపోవద్దు, లేకపోతే ఆ 41 వేల మంది దాచుకున్న లింకు గోడకు తగులుతుంది.

మూడోది, గూగుల్ సెర్చ్ కన్సోల్. ఉచితం. జనం ఏ మాటలు వెతికి మీ దగ్గరకు వచ్చారో అది చూపిస్తుంది. ఒక చిన్న షాక్‌కు సిద్ధపడండి: మనవాళ్ళు తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు. అడంగల్ అయినా, పాసుపుస్తకం అయినా అంతే. ఒక్కో మాటకు నాలుగైదు స్పెల్లింగులు. వ్యాసం మొదట్లో ఇచ్చే చిన్న వివరణలో ఆ ఊరి పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ఒక్కసారి ఉంటే నామోషీ కాదు.


టిక్కీ లెక్కలు
మార్చి 11, 2025, రాత్రి 10:05

నాది గుంటూరు. మిర్చి యార్డు ధరల మీద ఒక సైటు, ఒక వాట్సాప్ ఛానల్ నడుపుతున్నాను. మా నాన్నగారు యార్డులో గుమాస్తా. ఆ ఘాటుకు తుమ్మడం నేను ఎనిమిదో ఏటే మానేశాను.

మొదటి ఏడాది అందరిలాగే మిర్చి రకాల ధరల పట్టిక పెట్టాను. తేజ ఇంత, 334 ఇంత, బాడిగ ఇంత, రంగు పోయిన తాలు కాయ ఇంత. ఎవరూ నిలవలేదు. ఎందుకు నిలుస్తారు? వేలం ముగిసిన పది నిమిషాల్లో అదే పట్టిక పది గ్రూపుల్లో తిరుగుతుంది. ఒకరోజు ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు ఫోను చేశాడు. 'బాబూ, నువ్వు వేసిన ధర చూసి 40 టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకొచ్చాను. నాకు క్వింటాకు మూడు వేలు తక్కువ కట్టారు. నీది తప్పా, వాళ్ళది మోసమా?' రెండూ కాదు. నేను వేసింది ఆ రోజు పలికిన పై ధర. అది మంచి రంగున్న, బాగా ఎండిన నాలుగు లాట్లకు పడింది. ఆయన కాయలో తేమ ఉంది. ఆ రాత్రి పట్టిక కింద రెండు పేరాలు రాశాను: పై ధర ఎన్ని లాట్లకు పడింది, ఎక్కువ సరుకు ఏ ధరకు పోయింది, ఏసీ సరుకుకు, అంటే కోల్డ్ స్టోరేజీ నుంచి తీసినదానికి, కొత్త కాయకు తేడా ఎందుకు వచ్చింది అని. మర్నాటి నుంచి జనం నా పట్టిక కోసం కాకుండా ఆ రెండు పేరాల కోసం రావడం మొదలుపెట్టారు. అవి రాయడానికి యార్డులో రోజూ గంటన్నర నిలబడాలి. అంత ఓపిక పెద్ద పత్రికకు లేదు. నాకున్న పెట్టుబడి అదే.

మొన్న ఫిబ్రవరిలో ధర పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు అని ప్రకటించింది. అంకె అందరూ వేశారు. ఆ రాత్రి నాకు 60కి పైగా ప్రశ్నలు వచ్చాయి. తాలుకు ఇస్తారా? కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు మాటేమిటి? కౌలు రైతు పేరున పంట నమోదు లేకపోతే ఎలా? అన్నీ ఒకే పేజీలో వరుసగా రాసి, అధికారులను అడిగి తెలిసినవాటికి జవాబు పెట్టాను. తెలియనిచోట 'దీనికి ఇంకా ఆదేశం రాలేదు' అని రాశాను. రోజుకు రెండుసార్లు దిద్దాను. లింకు ఒక్కటే, దిద్దిన సమయం పైన. ఇప్పుడు నా ఛానల్‌లో ఉన్నవారిలో సగం మంది ఆ పది రోజుల్లో చేరినవారే.

కాలువగట్టు గారూ, మీ సంగతికి వస్తాను. వరదప్పుడు 41 వేల మంది మీ గుమ్మంలోకి వచ్చారు. కూర్చోమని ఒక్కరికీ పీట వేయలేదు. వ్యాసం చివర ఏముంది? 'సమాప్తం' అని ఉంది. అక్కడ ఒక్క వాక్యం ఉండాల్సింది: బుడమేరు కబుర్లు మీకు పంపాలంటే ఇక్కడ చేరండి. ఒక్కొక్క వందలో ఒక్కరు చేరినా 410 మంది.

గ్రూపు వద్దు, ఛానల్ పెట్టండి. గ్రూపులో అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి. నా పాత గ్రూపు నుంచి ఆడవాళ్ళందరూ రెండు వారాల్లో వెళ్ళిపోయారు, ఎవరో ఒకడు రాత్రి పదకొండుకు 'హాయ్' అని పంపాడట. ఛానల్‌లో ఒకరి నంబరు మరొకరికి తెలియదు. బ్రాడ్‌కాస్ట్ జాబితా కూడా ప్రయత్నించాను. అది 256 మందికే, పైగా వాళ్ళు మన నంబరు దాచుకుంటేనే అందుతుంది.


వేగవార్త
మార్చి 11, 2025, రాత్రి 10:50

అన్నా, మీది ధరల వ్యాపారం. రైతుకు రోజూ అవసరం. కాలువ చరిత్ర ఎవరికి రోజూ అవసరం? అందుకే వీడియోలు చేయమంటున్నాను.


టిక్కీ లెక్కలు
మార్చి 11, 2025, రాత్రి 11:10

తమ్ముడూ, సింగ్‌నగర్‌లో ఇల్లున్నవాడికి ఇక ప్రతి వానాకాలం అవసరమే. ఒక్క గట్టి వాన పడితే 'మళ్ళీ గండి పడింది' అని ఆడియోలు తిరుగుతాయి. అది నిజమా కాదా అని చెప్పే ఒక్క నమ్మకమైన చోటు ఉంటే జనం రారా?

వీడియో వద్దనను. కానీ యూట్యూబ్ నుంచి ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ కావాలి. రాత్రి రెండు గంటలు మాత్రమే ఉన్న మనిషి ఎడిటింగ్‌లో కూర్చుంటే రాయడం ఎప్పుడు?


ఏజెంటు గారబ్బాయి
మార్చి 12, 2025, ఉదయం 5:25

ఇప్పుడే పేపర్లు పంచి వచ్చాను. అరండల్‌పేటలో మా నాన్న 38 ఏళ్ళు ఏజెంటు, ఇప్పుడు నేను. మీరందరూ కొత్త విషయంలా మాట్లాడుతున్నారు కానీ ఇది మా వృత్తిలో పాత కథే.

1974లో ఈనాడు విశాఖలో మొదలైనప్పుడు, అక్కడికి విజయవాడలో అచ్చయిన పత్రికలు మధ్యాహ్నానికి చేరేవి. వీళ్ళు కాఫీ వేళకు గుమ్మంలో వేశారు. వార్తలు అవే, ముందు అందడమే తేడా. తరువాత 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చారు. నాన్న చెబుతుంటారు, అంతకుముందు పేపరు ముఖం చూడని ఊళ్ళ నుంచి కూడా కాపీలు అడిగేవారట. ఎందుకంటే అందులో వాళ్ళ ఊరి పేరు ఉంది. రాష్ట్రమంతటికీ ప్రకటన వేసుకోలేని చిన్న కొట్టువాడు కూడా జిల్లా పేజీలో వేసుకోగలిగాడు.

మీరు దాన్ని ఇంకా కిందికి, వీధి దాకా తీసుకెళ్ళవచ్చు మేడమ్. ముత్యాలంపాడు గురించి రాస్తే రాష్ట్రమంతా పంపకండి. ముత్యాలంపాడులో చేర్చండి. ఎలాగంటే, అర కాగితం పాంప్లెట్ వేయించండి. వ్యాసంలోని ఒక్క ఆసక్తికరమైన విషయం, కింద క్యూఆర్ కోడ్. ఆ పేటలో పేపరు వేసే ఏజెంటును పట్టుకోండి, ఆదివారం పేపర్లలో పెట్టి పంచుతాడు. కోచింగ్ సెంటర్లు, బిర్యానీ కొట్లు చేసేది ఇదే కదా. 500 పాంప్లెట్లకు ముద్రణ, పంపిణీ కలిపి మీ నెల డబ్బులోనే అయిపోతుంది. ఆ ఎనిమిది వేలతో నాలుగు పేటలు తిరిగి ఉండేవారు.

డబ్బు గురించి ఒక మాట. పత్రిక ఖర్చు పత్రికే సంపాదించాలన్న నియమం లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టినప్పుడు దాని వెనక ఉన్నది అమృతాంజనం సీసా. మనకు ఆ సీసా లేదు, ఉద్యోగం ఉంది. సిగ్గుపడాల్సిన పని లేదు.


గోంగూర జాడీ
మార్చి 12, 2025, మధ్యాహ్నం 3:40

నేను అటువైపు నుంచి మాట్లాడతాను, అంటే ప్రకటన ఇచ్చే వైపు నుంచి. గుంటూరులో ఇంటి నుంచే పచ్చళ్ళు అమ్ముతాను. నెలకు ఒకరిద్దరైనా వచ్చి 'మా పేజీకి లక్ష మంది ఉన్నారు, ప్రకటన ఇవ్వండి' అంటారు. ఇచ్చాను కూడా, లక్షన్నర మంది ఉన్నారన్నవాళ్ళకు. మూడు ఫోన్లు వచ్చాయి. అందులో ఒకటి ఉద్యోగం అడగడానికి.

తరువాత ఒక చిన్న వంటల సైటుకు ఇచ్చాను. రోజుకు 600 మంది చదువుతారు, అంతే. ఆమె చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. ప్రకటనలో 'ఊరమిరప అని చెప్పినవారికి చిన్న ప్యాకెట్టు ఉచితం' అని వేసింది. ఎవరైనా ఫోనులో ఊరమిరప అన్నారంటే వాళ్ళు ఆమె చదువరులు. నోట్‌బుక్‌లో గీతలు గీసుకున్నాను. నెలలో 27. అందులో 11 మంది మళ్ళీ కొన్నారు. ఇప్పుడు ఆమెకు నెలనెలా ఇస్తున్నాను. ఎంతమంది చదువుతారని నేనిప్పుడు ఎవరినీ అడగను.

మీకు కూడా ఇస్తాను కాలువగట్టు గారూ, ఒక షరతు మీద. నా ప్రకటన వరద వార్త పక్కన వేయవద్దు. ఇల్లు మునిగినవాడికి ఆవకాయ చూపించడం నాకు ఇష్టం లేదు.


అరసున్న
మార్చి 12, 2025, రాత్రి 8:15

జాడీ గారి లెక్కకు జోడింపు. గూగుల్ ప్రకటనలు 2018 నుంచి తెలుగు పేజీలకు కూడా ఇస్తున్నారు. కానీ వంద డాలర్లు పోగయ్యేదాకా చేతికి రాదు. రోజుకు 300 మందితో అది ఎప్పటికి నిండుతుందో నేను చెప్పను. ఈలోపు ఆ ప్రకటనల బరువుతో పేజీ మళ్ళీ 19 సెకన్లకు పోతుంది.


ఒక వకీలు
మార్చి 13, 2025, సాయంత్రం 7:00

రెండు జాగ్రత్తలు. వరద వార్తలు రోజూ ఇవ్వడం మొదలుపెడితే మీది వర్తమాన వ్యవహారాల ప్రచురణ కిందకు రావచ్చు. 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదులు తీసుకునే వ్యక్తి పేరు, సంప్రదించే మార్గం సైటులో ఉండాలి. ఫిర్యాదు మీద 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. వృత్తిగానో వ్యాపారంగానో కాకుండా రాసుకునే వ్యక్తికి మాత్రం ఇవి వర్తించవు.

మీ సైటులో పాత విజయవాడ ఫొటోలు చూశాను. 2012 సవరణ తరువాత ఫొటోకు హక్కు తీసినవారి మరణం తరువాత 60 ఏళ్ళ వరకు ఉంటుంది. వాడే ముందు అవి ఎవరివో కనుక్కోండి. రచనలకూ అంతే, రచయిత మరణం తరువాత 60 ఏళ్ళు.


రైవస్ కాలువగట్టు
మే 25, 2025, రాత్రి 11:30

రెండు నెలలు మాయమైనందుకు క్షమించండి. చెప్పినవన్నీ చేయలేదు, చేసినవి చెబుతాను.

ఫొటోలు తగ్గించాం. ఒక ఆదివారం కాదు, మూడు పట్టాయి. లింకులు మార్చాను. మార్చడంలో ఒకరోజంతా సైటు పడిపోయింది, అరసున్న గారు అర్ధరాత్రి ఫోనులో దారి చెప్పకపోతే ఇప్పటికీ పడే ఉండేది.

బుడమేరు వ్యాసం తిరగరాశాను. వేగవార్త ఇచ్చిన శీర్షికనే పెట్టాను, అక్షరం మార్చలేదు. నిరుడు కాలువకు గండ్లు ఎక్కడ పడ్డాయి, అదే సమయంలో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు ఎందుకు సమస్య అయింది, కృష్ణ నిండుగా ఉంటే మళ్ళించిన నీరు ఎటు పోతుంది అన్నవి ముందుకు తెచ్చాను. చివర 'సమాప్తం' తీసేసి ఛానల్ లింకు పెట్టాను. ఇప్పుడు 640 మంది ఉన్నారు.

పాంప్లెట్లు రెండు పేటల్లో వేశాను. సత్యనారాయణపురంలో బాగా పనిచేసింది, పాత రైలుకట్ట గురించి రాశాను కాబట్టి. 500 కాగితాలకు 70 మందికి పైగా వచ్చారు. రెండో పేటలో నలుగురు. అక్కడ అన్నీ కొత్త అపార్ట్‌మెంట్లు, పేపరు వేయించుకునే ఇళ్ళే తక్కువని ఏజెంటు తరువాత చెప్పాడు. ముందే అడగాల్సింది.

సత్యనారాయణపురం నుంచి ఒక పెద్దావిడ ఫోను చేశారు. వ్యాసంలో ఒక వీధి పేరు తప్పు రాశానట. ఆవిడ చిన్నప్పుడు ఆ వీధిలోనే రైలు వెళుతుంటే గిన్నెలు గలగలలాడేవట. అరగంట మాట్లాడారు. దిద్ది, దిద్దిన సంగతి పైన రాశాను. మర్నాడు ఆవిడ మనవడు ఆ పేజీని జిరాక్స్ షాపులో ముద్ర తీయించి, ఆవిడ పట్టుకుని నిలబడిన ఫొటో పంపాడు. అక్షరాలు చిన్నవైపోయి ఏమీ కనిపించడం లేదట, పెద్దగా తీయించే ఏర్పాటు పెట్టమన్నారు. పెట్టాను.

రోజూ వచ్చేవారు ఇప్పుడు 520. టిక్కీ గారూ, వారంలో రెండుసార్లకు మించి వచ్చేవారిని విడిగా లెక్కపెట్టమన్నారుగా ఫోనులో, వాళ్ళు మార్చిలో 60 మంది, ఇప్పుడు 210.

ఒక భయం మాత్రం ఉంది. జూన్ వస్తోంది. 640 మంది నా కబురు కోసం చూస్తారు. అర్ధరాత్రి వాన పడితే, నాకు ఏమీ తెలియకపోతే?


టిక్కీ లెక్కలు
మే 26, 2025, ఉదయం 9:10

తెలియదని రాయండి. మళ్ళీ ఎన్ని గంటలకు చెబుతారో రాయండి. ఆ గంటకు చెప్పండి, అప్పటికీ తెలియకపోయినా సరే. నా దగ్గర జనం అంకె తప్పినప్పుడు తిట్టారు, ఉండిపోయారు. చెప్పిన వేళకు చెప్పనప్పుడు వెళ్ళిపోయారు.


గోంగూర జాడీ
మే 26, 2025, మధ్యాహ్నం 12:20

సత్యనారాయణపురం నుంచి నాకు ఆరు ఆర్డర్లు. కొత్త ఆవకాయ. ఈసారి మాట 'రైలుకట్ట' అని పెట్టాం కదా, ఒకాయన 'రైలుకట్ట కేజీ' అని అడిగాడు.


వేగవార్త
మే 26, 2025, రాత్రి 10:45

అక్కా, నా శీర్షిక పెట్టినందుకు థాంక్స్. నిజం చెప్పాలంటే మొన్న మీ సైటులో గంటసేపు ఉన్నాను. నేను పుట్టింది పెరిగింది ఆ గట్టు మీదే, అయినా అసలు 'రైవస్' అన్న పేరు ఎక్కడిదో తెలియదు. వెతికాను, మీ సైటులో కనిపించలేదు. రాయలేదా?


రైవస్ కాలువగట్టు
మే 26, 2025, రాత్రి 11:05

రాశాను తమ్ముడూ, నేను రాసిన మొట్టమొదటి వ్యాసం అదే. బొమ్మల్లో ఉండిపోయిన 31లో అది ఒకటి. డీటీపీ షాపు అబ్బాయి దగ్గర పాత ఫైళ్ళు దొరికితే అన్నీ కంపోజిటరు మాస్టారికి పంపాను.


పాత కంపోజిటరు
మే 27, 2025, ఉదయం 5:50

19 అయ్యాయి. ఇది ఇరవయ్యోది. మార్చే పనిముట్టు వత్తులన్నీ చెల్లాచెదురు చేసింది, ఒక్కొక్కటి చేత్తో ఏరి పెడుతున్నాను. సగంలో ఉన్నాను. సోమవారం ఇస్తాను.